యాభై నాలుగు మెట్ల పైన అమ్మ

బ్రోకరు చెప్పే పది నిమిషాలకీ మా అమ్మ నడిచే పది నిమిషాలకీ చాలా తేడా ఉంది. ఆ సంగతి అర్థం కావడానికి నేను బెజవాడలో ఇరవై మూడు ఫ్లాట్లు చూడాల్సొచ్చింది.

"బస్టాపు ఎంత దూరమండీ?" అని అడుగుతాను.

"ఇదిగో, ఇక్కడే మేడమ్. పది నిమిషాలు" అంటాడాయన.

ఆయన పది నిమిషాలు బండి మీద. సందులన్నీ తెలిసినవాడు, రాంగ్ రూట్లో పోవడానికి మొహమాటం లేనివాడు. మా అమ్మ పది నిమిషాలంటే మూడు వందల అడుగులు. అందులోనే మధ్యలో ఒకసారి ఎవరింటి అరుగు మీదో, ఏ కిళ్లీకొట్టు ముందున్న స్టూలు మీదో కూర్చోవడం కూడా కలిపి. మే నెలైతే అందులో సగం వేసుకోండి. మా ఊరిని ఊరికే బ్లేజ్‌వాడ అనలేదు.

"లిఫ్టుందా?" అనేది నా రెండో ప్రశ్న. "ఉందండీ" అనేది అందరి జవాబూను. ఈ 'ఉంది' అనే మాటకి ఎన్ని అర్థాలున్నాయో తర్వాత చెబుతాను. ముందు మా పాత ఇంటి గురించి చెప్పాలి.

1999లో సత్యనారాయణపురంలో ఫ్లాటు కొన్నాం. కింద పార్కింగు, పైన మూడు అంతస్తులు. మాది మూడోది. లిఫ్టు లేదు. అప్పటికి నాకు ముప్ఫై ఏళ్లు, మావారికి ముప్ఫై నాలుగు. లిఫ్టు లేదు కాబట్టి కొంత తగ్గిస్తానని బిల్డరంటే, అదేదో మాకు కలిసొచ్చిందనే అనుకున్నాం. ఆ మిగిలిన డబ్బుతో ఫ్రిజ్జు, వాషింగ్ మెషీను కొన్నాం. వాటిని పైకి మోసినవాళ్ల ఆయాసం ఆ రోజు మా చెవిన పడలేదు. అంతస్తుకి 18 చొప్పున మొత్తం 54 మెట్లు. బడికి లేటయిన రోజుల్లో రెండేసి మెట్లు దూకుతూ దిగేదాన్ని.

అమ్మా నాన్నా చల్లపల్లి దగ్గర మా ఊళ్లో ఉండేవారు. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకి వచ్చి ఆ పన్నెండు రోజులూ మా దగ్గరే ఉన్నారు. అమ్మకప్పుడు అరవై తొమ్మిది. పొద్దున్నే స్నానం చేసి, ఇత్తడి చెంబుతో నదినీళ్లు పట్టుకుని, నాకంటే ముందే పైకెక్కి తలుపు దగ్గర నిలబడేది. "ఏమే, టీచరువి, పిల్లల్ని ఆడించేదానివి, నీకాయాసమేంటి?" అని నవ్వేది.

మూడేళ్ల తర్వాత నాన్న ఆరోగ్యం బాగోక ఇద్దర్నీ మా దగ్గరికే తెచ్చేసుకున్నాం. 2021 నవంబరులో ఒక రాత్రి నాన్నకి పక్షవాతం వచ్చింది. 108 వాళ్లు వచ్చారు. స్ట్రెచరు మెట్ల మలుపు దగ్గర తిరగదని పైకెక్కిన నిమిషంలోనే తేల్చేశారు. చివరికి మా డైనింగు టేబుల్ దగ్గరున్న ప్లాస్టిక్ కుర్చీలో నాన్నని కూర్చోబెట్టి, పంచెతో నడుం దగ్గర కట్టి, నలుగురు పట్టుకుని దింపారు. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లలో చాలామంది ఈ కుర్చీ ప్రయాణాన్ని చూసే ఉంటారు. రెండో అంతస్తు మలుపులో కుర్చీ ఒరిగింది. నాన్న బాగున్న చేత్తో రెయిలింగు పట్టుకున్నారు. పడిపోతానని భయం. ఎంత చెప్పినా వదల్లేదు. మాట రావట్లేదు, కళ్లతోనే వద్దంటున్నారు. వెనకాల దిగుతున్న అమ్మ వచ్చి, ఒక్కో వేలూ విడదీసింది.

పదకొండో రోజున ఆసుపత్రిలో పోయారు. ఆయన్ని మళ్లీ ఇంట్లోకి తీసుకెళ్లలేకపోయాం. కింద పార్కింగులో, కార్ల మధ్య చాప వేసి పడుకోబెట్టాం. ఎనభై ఒక్కేళ్లు పెద్ద లోగిట్లో తిరిగిన మనిషి. ఆ రోజు అమ్మ నన్నేమీ అనలేదు. తర్వాత కూడా అనలేదు.

అనలేదుగానీ కిందికి దిగడం మానేసింది. మోకాళ్లు అరిగాయన్నది నిజమే. డాక్టరు ఆపరేషను చేయించుకోమన్నారు, షుగరు చూసి కొన్నాళ్లాగమన్నారు. కానీ మోకాళ్ల కంటే ఆ రెండో అంతస్తు మలుపే ఆమెని ఎక్కువ ఆపిందని నా అనుమానం. బాల్కనీ గ్రిల్లుకి తాడు కట్టి, దానికో ప్లాస్టిక్ బుట్ట తగిలించింది. కూరగాయల బండివాణ్ణి పైనుంచే పిలిచి, డబ్బులు బుట్టలో పెట్టి దించేది. వంకాయలు పైకొచ్చేవి. పుచ్చువి వస్తే అదే బుట్టలో వెనక్కి పంపేది. చూసేవాళ్లకి ముచ్చటగానే ఉండేది. నేనూ మొదట్లో నవ్వాను. ఒకరోజు లెక్కేసుకుంటే, అమ్మ నేల మీద కాలు పెట్టి పద్నాలుగు నెలలైంది. మా ఊరెళ్లీ అంతే.

హైదరాబాదు నుంచి అన్నయ్య ఫోన్ చేసి, "ఇక్కడికొచ్చెయ్యమ్మా. మా టవర్లో మూడు లిఫ్టులున్నాయి" అన్నాడు.

"లిఫ్టు దిగి ఎక్కడికెళ్లన్రా?" అంది అమ్మ.

అన్నయ్య దగ్గర జవాబు లేదు. నేను ఫ్లాట్లు చూడటం మొదలుపెట్టింది ఆ మాట విన్న తర్వాతే. ఒట్టి లిఫ్టు చాలదు. దిగాక ఆవిడ ఎవరి సాయం లేకుండా అందుకోగలిగే బస్సొకటి ఉండాలి.

ఇప్పుడు 'ఉంది' అనే మాట సంగతి. మొగల్రాజపురంలో ఒక ఫ్లాటు చూశాను. లిఫ్టు ఉంది. కానీ అది ఆగేది అంతస్తుకీ అంతస్తుకీ మధ్య, మెట్ల మలుపులో. అక్కణ్ణుంచి ఏ ఇంట్లోకి పోవాలన్నా తొమ్మిది మెట్లు ఎక్కాలి, లేదా దిగాలి. గవర్నరుపేటలో ఇంకోటి. లిఫ్టు సరిగ్గా గుమ్మం ముందే ఆగుతుంది, కానీ కింద పార్కింగు నుంచి లిఫ్టు దాకా ఐదు మెట్లు. కార్లకి మాత్రం చక్కటి ర్యాంపు. "ఐదు మెట్లే కదా మేడమ్" అన్నాడు బ్రోకరు. ఐదే. వాటికి పట్టుకోవడానికి ఒక కమ్మీ కూడా లేదు.

ఇక పాతకాలపు గ్రిల్లు తలుపుల లిఫ్టు గురించి బెజవాడ వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. నాలుగో అంతస్తులో ఎవరో తలుపు వేయకుండా పోతారు. కింద మనం బటను నొక్కుతూ ఉంటాం. చివరికి మెట్ల సందులో తల పెట్టి "లిఫ్టు తలుపు వేయండీ!" అని అరుస్తాం. ఏ ఇంట్లోంచో టీవీ సీరియలు తప్ప జవాబు రాదు. ఆ రెండు గ్రిల్లులూ లాగడానికి అమ్మ చేతుల్లో బలం చాలదని చూడగానే తెలిసిపోయింది.

లబ్బీపేటలో ఒక అపార్ట్‌మెంటులో లిఫ్టుకి తాళం వేసి ఉంది. అడిగితే పాత గొడవ బయటపడింది. "మేం లిఫ్టు ఎక్కం, దాని ఖర్చు మేమెందుకు కట్టాలి?" అని మొదటి అంతస్తు వాళ్లు. "అందరూ కడితేనే కడతాం" అని పైవాళ్లు. మధ్యలో మెయింటెనెన్సు కాంట్రాక్టు ఆగిపోయింది. మొదటి అంతస్తు వాళ్లకి కూడా అరవై ఏళ్లు దాటుతాయి కదా అనిపించింది. ఆ మాట పైకంటే బాగుండదని ఊరుకున్నాను.

నాతోపాటు ఫ్లాట్లు చూడ్డానికి వచ్చేవాళ్లు వంటగది ఆగ్నేయంలో ఉందా, లిఫ్టు గొయ్యి నైరుతిలో పడిందా అని చూసేవారు. నేను లిఫ్టులోకి దూరి గోడకున్న రేకు చదివేదాన్ని. నలుగురికి 272 కిలోలు, ఆరుగురికి 408, ఎనిమిది మందికి 544. మనిషికి 68 కిలోలన్నది దాని లెక్క. నలుగురి లిఫ్టులో చక్రాల కుర్చీ పెట్టి తలుపు మూయడం కష్టం. సింగపూరులో ఉన్న మా అన్నయ్య కొడుక్కి ఈ గోలంతా చెబితే, అక్కడి పాత ప్రభుత్వ ఫ్లాట్లలో కూడా లిఫ్టులు కొన్ని అంతస్తుల్లోనే ఆగేవనీ, ముసలివాళ్లు పెరుగుతున్నారని 2001 నుంచి ఒక పథకం పెట్టి ప్రతి అంతస్తులో ఆగేలా మార్చుకుంటూ వచ్చారనీ చెప్పాడు. మనకైతే కట్టినవాడే దేవుడు, కొన్నాక మన ఖర్మ.

బస్సు సంగతికొస్తే, మన పండిట్ నెహ్రూ బస్టాండు పేరు చెప్పుకోదగ్గదే. 1990లో కట్టినప్పుడు ఆసియాలోనే పెద్ద బస్టాండ్లలో ఒకటని గర్వంగా చెప్పుకున్నాం. కానీ పెద్దదంటే మా అమ్మకి దూరమని అర్థం. సిటీ బస్సు దిగి, అవనిగడ్డ బస్సు ఆగే ప్లాట్‌ఫారం వెతుక్కుని చేరేలోపు ఆవిడ మోకాళ్లు ఊరుకోవు. మా సత్యనారాయణపురంలో బీఆర్‌టీఎస్ రోడ్డు ఉంది. నడిమధ్య బస్సుల కోసమని వేరే దారి కట్టారు. అందులో నేను బస్సుల కంటే వాకింగు చేసేవాళ్లనే ఎక్కువ చూశాను. మెట్రో మాట 2014లో రాష్ట్రం విడిపోయిన దగ్గర్నుంచీ వింటున్నాం. 2024 డిసెంబరులో 38.4 కిలోమీటర్ల మొదటి దశకి రాష్ట్ర ప్రభుత్వం ఆమోదం కూడా తెలిపింది. దాని సంగతి ఎలా ఉన్నా, బ్రోకర్లు మాత్రం అంతకు చాలాముందు నుంచే "మెట్రో స్టేషను పక్కనే మేడమ్" అని ఖాళీ ఆకాశం చూపిస్తున్నారు.

2024 ఎండాకాలంలో సింగ్‌నగర్ అవతల ఒక ఫ్లాటు దొరికింది. కొత్త బిల్డింగు. వాటంతట అవే తెరుచుకునే తలుపుల లిఫ్టు, జనరేటరు, పార్కింగు నుంచి ఒక్క మెట్టు కూడా లేదు. ధర మాకు అందుబాటులో ఉంది. మావారికి తెగ నచ్చింది. ఆషాఢం పోయాక శ్రావణంలో అడ్వాన్సు ఇద్దామనుకున్నాం. అమ్మని అదే కుర్చీలో దింపి, ఆటోలో తీసుకెళ్లి చూపించాం. కుర్చీ ఎక్కేటప్పుడు ఆమె కళ్లు మూసుకుంది. ఇల్లంతా తిరిగి చూసింది. బాల్కనీలో నిలబడి, "మన ఊరి బస్సు ఇటు రాదేమే?" అంది.

రాదు. అవనిగడ్డ బస్సు బందరు రోడ్డు మీద పోతుంది. ఇక్కణ్ణుంచి సిటీ బస్సెక్కి, మారి వెళ్లాలి. "ఇల్లు బాగుంది. కానీ ఇక్కడ కూడా నాకు బుట్టే" అంది. మావారికి కోపమొచ్చింది. నాకూ వచ్చింది, అబద్ధమెందుకు. ఇంత వెతికితే దొరికిన ఇంటిని బస్సు కోసం వద్దంటుందా అని రెండ్రోజులు సరిగ్గా మాట్లాడలేదు. అడ్వాన్సు అలా అలా వాయిదా పడింది.

శ్రావణం ఇంకా వెళ్లలేదు. సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు ఊరి మీద పడింది. సింగ్‌నగర్, పాయకాపురం, ఇంకా ఎన్నో కాలనీలు మునిగిపోయాయి. మరోవైపు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారుతోంది. మా స్కూల్లో పనిచేసే టీచరొకావిడది సింగ్‌నగర్‌లో నాలుగో అంతస్తు. సెల్లారు మునిగింది, కరెంటు పోయింది, లిఫ్టు ఆగిపోయింది. ఐదు రోజులు పైనే ఉండిపోయారు. పడవలో వచ్చినవాళ్లు ఇచ్చిన పాలప్యాకెట్లు, నీళ్ల సీసాలు బకెట్టుకి చీరలు ముడేసి పైకి లాక్కున్నామని తర్వాత చెప్పింది. ఆమె అత్తగారికి ఎనభై దాటాయి. బీపీ మాత్రలు అయిపోయి ఆవిడ పడిన అవస్థ చెబుతూ స్టాఫ్‌రూమ్‌లో ఏడ్చేసింది.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. "నాకేం తెలుసే, నేను బస్సు గురించే కదా అన్నాను" అంది. నిజమే. అమ్మకి ముందుచూపు ఉందని ఇప్పుడు చుట్టాలంతా చెప్పుకుంటున్నారుగానీ, ఆవిడ చూసింది బస్సు రూటు మాత్రమే.

ఆ తర్వాత వెతుకులాట తేలికైంది. ముందు బస్సు, తర్వాతే ఇల్లు అనుకున్నాను. బందరు రోడ్డు పొడుగునా, అవనిగడ్డ బస్సు చెయ్యెత్తితే ఆగే చోటు నుంచి మూడు వందల అడుగుల్లో ఏమున్నాయో అవే చూశాను. 2025 జనవరిలో పటమటలో దొరికింది. ఇరవై ఏళ్ల నాటి బిల్డింగు, రెండో అంతస్తు. గోడలకి చెమ్మ, బాత్రూము టైల్సు పాతవి. కానీ సంఘంవాళ్లు పాత గ్రిల్లు లిఫ్టు తీసేసి, ఎనిమిది మంది పట్టే కొత్తది వేయించారు. ఖర్చు అన్ని ఫ్లాట్లవాళ్లూ సమానంగా పంచుకున్నారట, మొదటి అంతస్తుతో సహా. ఆ ఒక్క మాటకే నాకు సగం నచ్చేసింది. పార్కింగు నుంచి లిఫ్టుకి ఒక్కటే మెట్టు. దానికీ సిమెంటు ర్యాంపు వేయించుకుంటామంటే సరేనన్నారు. ఆసుపత్రి సామాన్లు అద్దెకిచ్చే షాపు నుంచి చక్రాల కుర్చీ తెచ్చి, లిఫ్టులోకి తోసి చూశాను. పట్టింది. స్ట్రెచరు పట్టదు. అంతకంటే పెద్ద లిఫ్టున్న ఇల్లు కొనే తాహతు మాకు లేదు. సర్దుకున్నాం.

తీరా దిగాక అమ్మ లిఫ్టెక్కనంది. "ఆ పెట్టెలో నేను ఒక్కదాన్ని వెళ్లను" అని కూర్చుంది. అంతకుముందు ఒక్కసారే ఎక్కింది, ఇంద్రకీలాద్రి కింద మహామండపంలో, అదీ మా అందరి మధ్యా. కరెంటు పోతే తాడు తెగి పడిపోతుందని ఆవిడ భయం. ఒకరోజు సర్వీసింగుకి వచ్చిన మెకానిక్కు కుర్రాణ్ణి పట్టుకుని అడిగేసింది. ఆ అబ్బాయిది గుడివాడ వైపు పల్లెటూరు. ఓపిగ్గా చెప్పాడు.

"మీరు ఏతం చూశారా మామ్మగారూ?"

"చూడ్డమేంటి, మా మామగారు తొక్కేవారు."

"ఇదీ అంతేనండీ. ఏతానికి అటు బాన, ఇటు బరువు. దీనికి ఈ పెట్టె ఒక వైపు, ఇంకో వైపు ఇనప దిమ్మలు. ఖాళీ పెట్టె బరువుకి, ఎక్కే మనుషుల బరువులో దాదాపు సగం కలిపి ఆ దిమ్మలు పెడతాం. మోటారుకి పెద్ద పనుండదు, తేడా బరువే లాగుతుంది. తాడు ఒకటి కాదండీ, ఇనప తాళ్లు నాలుగైదున్నాయి. ఇక బ్రేకంటారా, కరెంటుంటేనే అది వదులుతుంది. కరెంటు పోయిందనుకోండి, స్ప్రింగు వెంటనే బిగించేస్తుంది. అప్పుడు బ్యాటరీ ఈ పెట్టెని దగ్గరున్న అంతస్తుకి తీసుకెళ్లి తలుపు తెరుస్తుంది."

నేను అదే సంగతి అంతకుముందు వారం రోజులు చెప్పాను. వినలేదు. ఏతం అనేసరికి వింది. మర్నాడు పొద్దున్న నేను స్నానం చేసి వచ్చేసరికి ఇంట్లో లేదు. కింద వాచ్‌మన్ భార్యతో కూర్చుని గోంగూర ఒలుస్తోంది. "దుర్గమ్మ దగ్గరికే లిఫ్టులో వెళ్తున్నారు, మనకేంటి" అని ఆ అమ్మాయికి చెబుతోంది.

పాత ఫ్లాటుని కొత్తగా పెళ్లయిన జంటకి అమ్మాం. ఇద్దరూ ఉద్యోగస్తులు. వాళ్లు లిఫ్టు గురించి అడగలేదు. అడగకపోయినా చెప్పాను, 54 మెట్లని. "ఎక్సర్‌సైజు ఆంటీ!" అంది ఆ అమ్మాయి నవ్వుతూ. మలుపులో స్ట్రెచరు తిరగదన్న మాట నాలిక చివరి దాకా వచ్చింది. రేటు గురించే ఆగానో, శుభమా అని ఇల్లు కొనుక్కుంటున్నవాళ్లకి ఆ మాట ఎందుకని ఆగానో నాకే తెలియదు. చెప్పలేదు. అప్పుడప్పుడూ గుర్తొస్తుంది.

2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్సు బస్సుల్లో టికెట్టు లేకుండా ప్రయాణం వచ్చింది. టికెట్టు లేకుండా కాదు, సున్నా రూపాయల టికెట్టు ఇస్తారు. అమ్మ ఆధార్ కార్డుని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, దాన్ని జాకెట్టులో పెట్టుకుని తిరుగుతోంది. మొదట కంకిపాడు దాకా వెళ్లి వచ్చింది, ఊరికే, బస్సు మెట్టు ఎక్కగలనో లేదో చూసుకోవడానికట. ఆ మెట్టు మోకాలెత్తు ఉంటుంది. దానికి మాత్రం ఎవరో ఒకరు చెయ్యందించాల్సిందే. "కండక్టరమ్మాయి మంచిది" అని వచ్చి చెప్పింది.

ఆ ఏడాది నాగుల చవితి రోజున స్కూలు నుంచి వచ్చేసరికి తలుపుకి తాళం ఉంది. "అమ్మగారు తెల్లారుజామునే బస్సెక్కారండీ" అన్నాడు వాచ్‌మన్. గాభరాగా ఫోన్ చేస్తే, వెనకాల గుడి మైకు మోత.

"మోపిదేవిలో ఉన్నానే. పుట్టలో పాలు పోశాను. జనం విపరీతంగా ఉన్నారు. ఇప్పుడు మన ఊరెళ్తున్నాను, రెండ్రోజులుండి వస్తాను."

"నాతో చెప్పొద్దా అమ్మా?"

"చెబితే సెలవు పెట్టి నువ్వూ వస్తానంటావు" అంది. కాసేపాగి, "నాన్న గది తలుపు చెదలు పట్టిందట. చూసి వస్తాను" అంది.

మూడో రోజు సాయంత్రం బస్టాపు దాకా ఎదురెళ్లాను. రెండు బస్సులు చూశాను. రాలేదు. వెనక్కొస్తే మా పార్కింగులో లిఫ్టు పక్కన ఒక గోనెసంచి, నిండా కొబ్బరికాయలు. లిఫ్టు మీద ఎర్రగా రెండు అంకె వెలుగుతోంది. నేను సంచీ ఎత్తబోయి ఎత్తలేక ఫోన్ చేశాను.

"ఆటో అబ్బాయి అక్కడే పడేసి పోయాడే. లోపలికి లాక్కో, లిఫ్టుందిగా" అంది అమ్మ పైనుంచి.